గాటు లేని ముద్ర

పోయిన వారం మనం చిట్టిని అటక మీద, పాత పుస్తకాల మధ్య, మోకాళ్ల మీద వదిలిపెట్టి వచ్చాం.

క్రిమినల్ జస్టిస్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయికి సాక్ష్యాల పేపరు చెప్పే మేడమ్ ఒక పని అప్పగించింది. పాత తీర్పు ఏదైనా ఒకటి తీసుకోవాలి. అందులోని ఒకే ఒక్క వస్తువు పోలీసులకు దొరికిన దగ్గర్నుంచి కోర్టు దాకా ఎవరెవరి చేతులు మారిందో, ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా రాసుకురావాలి. క్లాసులో మిగతావాళ్లు ఏ కేసు తీసుకుందామా అని తర్జనభర్జన పడుతుంటే, చిట్టి మాత్రం క్షణం ఆలోచించలేదు. తన తండ్రి సాక్షిగా నిలబడ్డ కేసు ఉండగా ఇంకొకటి ఎందుకు? పదకొండేళ్ల కిందటి మాస్టారి అమ్మాయి హత్య కేసు. పాల వ్యాను డ్రైవరుకు యావజ్జీవం పడిన కేసు.

ఆ కేసుకు ప్రాణం ఒక చొక్కా, దాని మీద ల్యాబులో తేలిన ఆ అమ్మాయి రక్తపు మరక. డ్రైవరు చొక్కాను పోలీసులు వ్యాను షెడ్డులో స్వాధీనం చేసుకున్నారు. గుడ్డలో చుట్టి, అంచులు కుట్టి, కుట్ల మీద లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర వేశారు. ఆ ముద్రను అక్కడికక్కడే, ఎదురుగా కొట్టు పెట్టుకున్న గడియారాల మెకానిక్కు, అంటే చిట్టి తండ్రికి, ఇచ్చారు. పద్ధతి అది. మూట పోలీసుల దగ్గర, ముద్ర బయటివాడి దగ్గర. రెండూ ఒకరి దగ్గరే ఉంటే మూట విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముద్ర వేసినా ఎవరికీ తెలియదు కనుక. మూట ల్యాబుకు చేరిందని కబురు వచ్చేదాకా ముద్ర తన దగ్గరే ఉందని చిట్టి తండ్రి కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు. డ్రైవరు మాత్రం మొదటి రోజు నుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. "చొక్కా నాదే. మరక నాది కాదు."

అటక మీద చిట్టికి దొరికింది తండ్రి చేతి పుస్తకం. కొట్లోకి వచ్చిన ప్రతి వస్తువునూ ఆయన అందులో ఎక్కిస్తాడు. ఆ ఏడాది పుస్తకంలో ఇత్తడి ముద్ర కూడా, ఏదో చేతి గడియారం లాగానే, ఎక్కి ఉంది. నాలుగో తారీఖున వచ్చింది. తొమ్మిదిన వెళ్లింది. పదకొండున తిరిగి వచ్చింది.

*

ఆదివారం మధ్యాహ్నం. కొట్టు తలుపు సగం దించి ఉంది.

రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందేంత కొట్టు అది. గోడల నిండా బాగుచేసిన గడియారాలు, ఒకదానికొకటి పది నిమిషాల తేడాతో నడుస్తుంటాయి. కావాలనే అలా పెడతాడు. అన్నీ ఒక్కసారి గంటలు కొడితే పిచ్చెక్కుతుందంటాడు. ఎవరు ఏమడిగినా ముందు "ఒక్క నిమిషం" అనడం అలవాటు కనుక వీధిలో ఆయన పేరు నిమిషం గారు. సొంత పేరు చెబితే పోస్టుమాన్ కూడా తడుముకుంటాడు.

చిట్టి వంగి లోపలికి వచ్చింది. చంకలో పుస్తకం.

"ఒక్క నిమిషం," అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. కుడి కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు, పట్టకారు కొసన వెంట్రుకంత స్ప్రింగు. "ఏమే, మీ అత్తయ్య ఫోన్ చేసింది. దొంగల చదువు ఎప్పటికి అవుతుందని అడిగింది. అయ్యాక నువ్వు దొంగల్ని పడతావా, దొంగలకి పాఠాలు చెప్తావా అని ఆవిడ అనుమానం."

మామూలు రోజైతే చిట్టి నవ్వేది. అత్తయ్యకి ఓ రెండు అంటించేది కూడా. ఇప్పుడు మాట్లాడకుండా పుస్తకం తెరిచి, గడియారం పొట్ట మీదుగా ఆయన ముందు పెట్టింది.

ఆయన భూతద్దంతోనే చూశాడు. చాలాసేపు చూశాడు. స్ప్రింగు ఇంకా పట్టకారు కొసనే ఉంది. దాన్ని జాగ్రత్తగా మూతలో పెట్టి, గాజు బోర్లించాడు.

"ఇది ఎక్కడ దొరికింది?"

"అటక మీద."

"పారేశాననుకున్నాను."

"నువ్వు ఏ పుస్తకమైనా ఎప్పుడైనా పారేశావా నాన్నా?"

నిజమే, ఆయన పారేయలేదు. పారేయలేడు కూడా. ముప్ఫై ఏళ్లలో, అసలు తన కొట్టుకే రాని గడియారం కోసం పోట్లాటకి వచ్చినవాళ్లని, గాజు నువ్వే పగలగొట్టావని అరిచినవాళ్లని, ఆ పుస్తకాలే నోరు మూయించాయి. వస్తువు రాగానే దాని మీద ఉన్న ప్రతి గీతా, ప్రతి సొట్టా రాసుకోవడం, తీసుకెళ్లేవాడి చేత సంతకం పెట్టించుకోవడం, తన వస్తువు తనకి తిరిగి వస్తే రాసుకున్న గుర్తులన్నీ పోల్చి చూసి చివర "సరి" అని రాయడం ఆయనకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ముద్ర చేతికి వచ్చిన రోజున కూడా చెయ్యి తన పని తాను చేసేసింది.

"కానిస్టేబులు వచ్చాడు," అన్నాడు. "ఇంకేదో మూట కట్టాలట. అదే ముద్ర పడాలట. రెండ్రోజుల్లో తెచ్చిస్తానన్నాడు. పోలీసువాళ్ల ముద్ర పోలీసువాడే అడిగితే నేను ఇవ్వనంటానా? సంతకం పెట్టించుకుని ఇచ్చాను."

"పుస్తకంలో సంతకం పెట్టించుకున్నావు. కోర్టులో మాత్రం చెయ్యి దాటలేదన్నావు."

"రెండ్రోజులే కదే."

"డ్రైవరు తరఫు ప్లీడరు నిన్ను ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాడు. తీర్పులో ఉంది. 'ముద్ర మీ దగ్గర్నుంచి ఎప్పుడైనా, ఎవరికైనా ఇచ్చారా?' అని. రెండుసార్లూ లేదన్నావు."

ఆయన భూతద్దం తీసి పక్కన పెట్టాడు. అది పెట్టుకుని పెట్టుకుని కంటి చుట్టూ గుండ్రంగా గాడి పడి ఉంటుంది. ఆ కంటితోనే కూతురిని చూశాడు.

ఆయన తల మీద, గోడకి, అత్తయ్య అద్దం కట్టించి తగిలించిన పేపరు కటింగు ఉంది. 'ఏ లాభాపేక్షా లేని ఈ సామాన్యుడి సాక్ష్యాన్ని నమ్మకపోవడానికి కోర్టుకు కారణం కనిపించడం లేదు.' చిట్టికి పదేళ్లప్పుడు ఆ వాక్యం కంఠతా వచ్చు. చుట్టాలొస్తే నిలబెట్టి చెప్పించేవారు. ఈ చదువులో చేరడానికి కారణం ఏమిటని కాలేజీ ఇంటర్వ్యూలో అడిగితే ఆ వాక్యాన్నే చెప్పింది.

"నాన్నా, నేను నిన్ను తిట్టడానికి రాలేదు. ఎందుకు అలా చెప్పావో చెప్పు. అంతే."

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు.

"ముద్ర ఎక్కించిన వరసకి పై వరస చూడు."

చిట్టి చూసింది. ఆడపిల్ల చేతి గడియారం. గాజు మీద గీత. పట్టీ కొత్తది వేయాలి. అది తీసుకెళ్లినవారి సంతకం గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. ఆ చేతిరాత ఆమెకు బడి రోజుల నుంచీ తెలుసు, మాస్టారిది.

"మాస్టారి అమ్మాయి పొద్దున్న తొమ్మిదింటికి ఇచ్చి వెళ్లింది," అన్నాడు తండ్రి. "సాయంత్రం వస్తానంకుల్, మళ్లీ ఒక్క నిమిషం అని కూర్చోబెడితే ఊరుకోను అంది. పట్టీ వేసి ఉంచాను. రాలేదు. ఐసు ఫ్యాక్టరీ వెనక దొరికిందని మర్నాడు తెలిసింది. నెల తర్వాత మాస్టారు వచ్చి గడియారం తీసుకెళ్లారు. అది నడుస్తోంది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఏమీ అనలేదు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు.

"కోర్టులో ఆయన ముందు బెంచీలో కూర్చున్నారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని వచ్చారు. పొద్దున్నుంచీ అందరూ చూస్తూనే ఉన్నారు, ఒక్కరూ చెప్పలేదు. ప్లీడరు అడిగాడు, ముద్ర ఇచ్చారా అని. ఇచ్చాను అంటే ఆ ప్లీడరు ముఖం ఎలా వెలిగిపోతుందో నాకు తెలుసు. మాస్టారి ముఖం ఏమవుతుందో అదీ తెలుసు. లేదు అన్నాను. ఒకసారి లేదన్నాక రెండోసారి సులువుగానే వచ్చింది."

"డ్రైవరే చంపాడని నీకు నమ్మకమా?"

"అందరికీ నమ్మకమే కదే."

"నిన్ను అడుగుతున్నాను."

"రెండ్రోజులు, చిట్టీ. ఆ రెండ్రోజుల్లో ఏం మునిగిపోతుంది? స్టేషన్లో మూటలు పెట్టే గదికి తాళం ఉంది, తాళానికి కాపలా ఉంది."

చిట్టి వేలు వరస వెంబడి జరిగింది.

"నాలుగో తారీఖున నువ్వేం రాశావు? 'ఇత్తడి ముద్ర ఒకటి. కర్ర పిడి. అంచుకు కుడివైపు గాటు.' పదకొండో తారీఖున 'వచ్చింది' అని మాత్రమే రాశావు. ఈ పుస్తకం మొత్తం తిరగేశాను నాన్నా. మొదటి పేజీ నుంచి. బయటికి వెళ్లి వచ్చిన నీ పనిముట్లకీ, నువ్వు అరువిచ్చిన గోడ గడియారాలకీ, అన్నిటికీ చివర 'సరి' ఉంది. నిచ్చెనకి కూడా ఉంది. దీనికి ఒక్కదానికే లేదు. ఎందుకు లేదు?"

తండ్రి పుస్తకాన్ని తన వైపుకి తిప్పుకున్నాడు.

"గాటు లేదు. అంతేనా?"

గోడ మీద ఒక గడియారం మూడు కొట్టింది. పది నిమిషాలకి పక్కది కొడుతుంది. అంతసేపూ ఆయన మాట్లాడకపోతే ఏం చేయాలో చిట్టికి తెలియలేదు. కానీ ఆయన అంతసేపు ఆగలేదు.

"లేదు," అన్నాడు. "భూతద్దం కూడా అక్కర్లేకపోయింది. వేలితో తడిమితే తెలిసిపోయింది. నున్నగా ఉంది. కొత్త ఇత్తడి వాసన."

"అంటే నీకు నకలు ఇచ్చారు. అసలుది వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. మూట ల్యాబుకు వెళ్లింది ఇరవై ఆరున. రెండ్రోజులు కాదు నాన్నా. పదిహేడు రోజులు. మూటా ముద్రా రెండూ ఒకరి చేతిలోనే."

"చూశాను. సరి అని రాయబోయాను. చెయ్యి రాలేదు. పుస్తకంలో అబద్ధం రాయలేకపోయాను." ఆయన రెండు చేతులూ బల్ల మీద పరిచి, వాటినే చూస్తూ అన్నాడు. "నోటితో మాత్రం చెప్పగలిగాను."

చిట్టి పక్కనున్న ఎత్తు పీట మీద కూర్చుంది. మేడమ్ క్లాసులో ఇలాంటి చోట ఎర్ర సుద్దతో బోర్డు మీద ఒక గీత గీసి, "గొలుసు తెగింది" అంటుంది. పిల్లలు నోట్సులో అలాగే గీసుకుంటారు. గీత ఎంత తేలిగ్గా పడుతుందో చిట్టికి గుర్తొచ్చింది.

"ఆ ముద్ర ఇప్పుడు లేదు," అంది. "కోర్టు సామాన్ల గదిలోని పాత ఇత్తడితో పాటు కరిగించేశారట. మిగిలింది ఈ పుస్తకం ఒక్కటే. డ్రైవరు పెట్టుకున్న ఆఖరి అర్జీ పద్దెనిమిది రోజుల్లో వినబోతున్నారు. కొత్త సాక్ష్యం ఉంటేనే తీసుకుంటారు. లేకపోతే ఆ తర్వాత అతనికి తట్టడానికి తలుపు లేదు."

"నేను చెబితే నాకేమవుతుంది?"

తప్పుడు సాక్ష్యానికి శిక్ష ఎంతో ఆమెకు తెలుసు. పోయిన సెమిస్టరులో పది మార్కుల ప్రశ్న. పదికి పది వచ్చాయి.

"జైలు పడొచ్చు. ఏళ్లు."

ఆయన తల ఊపాడు. "మొన్న మిమ్మల్ని జైలు చూపించడానికి తీసుకెళ్లారు కదూ. లోపల గడియారాలు ఉంటాయా?"

"గేటు దగ్గర ఒకటి ఉంది. ఆగిపోయి ఉంది."

"అయితే పని ఉందన్నమాట."

ఆయన లేచి, గోడ మీది పేపరు కటింగు మేకు నుంచి తీసి, అద్దం లోపలి వైపుకి తిప్పి బల్ల కింద పెట్టాడు.

"పద," అన్నాడు. "మీ మేడమ్‌కి ఇచ్చే ముందు మాస్టారికి చెప్పాలి. ఆయన ఈ సంగతి ఇంకొకరి నోటి మీదుగా వినకూడదు."

*

మాస్టారి ఇల్లు మూడు వీధుల అవతల. దారిలో చిట్టి ఒకచోట ఆగి, పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసుకుందామని ఫోన్ బయటికి తీసింది. మళ్లీ లోపల పెట్టేసింది. తండ్రి పక్కన నడుస్తుండగా, ఆయన మీద సాక్ష్యం పోగు చేసుకుంటున్నట్టు అనిపించింది. అయినా ఇలాంటి చోట అసలు పుస్తకం లేనిదే నకలును ఎవరు నమ్ముతారు? ఆ పాఠం మొదటి ఏడాదిలోనే అయిపోయింది.

మాస్టారు వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఒళ్లో అట్ట, చేతిలో ఎర్ర కలం. పక్కన దిద్దినవి ఒక దొంతర, దిద్దనివి ఒక దొంతర. వీళ్లని చూసి ముఖం విప్పారింది.

"ఏమిటి నిమిషం గారూ, ఎండలో పడి వచ్చారు! ఏమ్మా చిట్టీ, మా బడి పరువు నిలబెడుతున్నావా? కూర్చోండి, కూర్చోండి. కాస్త మెల్లగా మాట్లాడుకుందాం. లోపల ఆవిడ పడుకుంది."

బాధితుల గురించి కూడా డిగ్రీలో ఒక పేపరు ఉంది. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల ముందు ఎలా కూర్చోవాలి, ఏ మాట ముందు అనాలి, ఏ మాట అసలు అనకూడదు, ఇవన్నీ చిట్టి నాలుగు పేజీల నోట్సు రాసుకుంది. ఇప్పుడు అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. తండ్రికి నోట్సు లేదు. ఆయన కూర్చోకుండానే చెప్పేశాడు.

"మాస్టారూ, కోర్టులో నేను అబద్ధం చెప్పాను."

తర్వాతిది కూడా చెప్పాడు. కానిస్టేబులు, రెండ్రోజులు, గాటు, నకలు, పదిహేడు రోజులు. ఒక్కటీ మింగలేదు. తన గురించి మంచిగా ఒక్క మాట కలపలేదు. గుండీల సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకో చిట్టికి అర్థమైంది.

మాస్టారు ఎర్ర కలానికి మూత పెట్టారు. దిద్దుతున్న పేపరు మడత సరిచేశారు.

"అంటే, వాడు కాదంటారా?"

"తెలియదు మాస్టారూ. కావచ్చు, కాకపోవచ్చు. ఆ మరక ఎప్పుడు పడిందో ఎవరూ చెప్పలేరు. అంతే."

"పదకొండేళ్లుగా పొద్దున్న లేవగానే వాణ్ణి తిట్టుకుంటాను," అన్నారు మాస్టారు. గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది. "దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు. మనసులోనే. ఆ తర్వాతే మొహం కడుక్కుంటాను. రేపు పొద్దున్న ఎవర్ని తిట్టుకోవాలి?"



ఆయన లోపలి గది వైపు చూశారు. తలుపు ఓరగా వేసి ఉంది.

"ఆవిడ నిద్రపోవడానికి నాలుగేళ్లు పట్టిందండీ. అర్ధరాత్రి లేచి వీధి తలుపు గడియ చూసేది. మళ్లీ లేచేది, మళ్లీ చూసేది. ప్రతిసారీ లేచి ఒకటే మాట చెప్పేవాణ్ణి. వాడు లోపల ఉన్నాడు, తాళం పడి ఉంది, ఇక రాడు అని. నాలుగేళ్లు చెప్పాను. ఒక రోజు నమ్మింది. పడుకుంది. ఇప్పుడు లేపి ఏం చెప్పమంటారు? చంపినవాడు బయటే తిరుగుతున్నాడేమో, గడియ చూసుకో అని చెప్పనా?"

"మాస్టారూ," అంది చిట్టి, "లోపల ఉన్నది కూడా ఒక..."

"తెలుసమ్మా."

ఆయన లేచి నిలబడ్డారు. చిట్టి కూడా అప్రయత్నంగా లేచింది. అక్షరాలు దిద్దించిన మనిషి లేస్తే కూర్చుని ఉండటం ఆమెకు రాదు. మాస్టారు దగ్గరికి వచ్చి, పిల్లల ముందు ఎన్నడూ వంగని ఆ మనిషి, రెండు చేతులూ జోడించారు.

"అయ్యో, మాస్టారూ, వద్దండీ!" చిట్టి వెనక్కి తగ్గింది.

"ఆవిడ ఎన్నాళ్లో ఉండదు. డాక్టరు చెప్పాడు. ఏడాదో, ఏడాదిన్నరో. అంతవరకూ ఊరుకో. ఆ తర్వాత మీ ఇష్టం. నేనే వచ్చి మీతో కోర్టు మెట్లెక్కుతాను. ఏడాదమ్మా. పదకొండేళ్లు ఉన్నవాడు ఇంకొక్క ఏడాది ఉండలేడా?"

పద్దెనిమిది రోజులు అని చెప్పాలి. ఆ మాట చిట్టి నాలుక చివర ఉంది. తండ్రి వైపు చూసింది. ఆయన వరండా స్తంభానికి ఆనుకుని, నేల చూస్తున్నాడు. దారి పొడవునా నిటారుగా నడిచి వచ్చిన మనిషి ఇప్పుడు పూర్తిగా నీరుగారిపోయాడు. కోర్టు బోనులో పదకొండేళ్ల కిందట ఏ ముఖాన్ని చూడలేక లేదన్నాడో, ఆ ముఖమే మళ్లీ ఎదురుగా ఉంది.

లోపల మంచం కిర్రుమంది. "ఎవరండీ వచ్చింది?" అని సన్నగా ఒక గొంతు.

"ఎవరూ లేరు. పడుకో," అన్నారు మాస్టారు, అటు తిరగకుండానే. జోడించిన చేతులు విడిపోయాయి. కుడి చెయ్యి చిట్టి ముందుకు చాచారు. అరచెయ్యి పైకి, వేళ్లు కొంచెం వంచి. ఐదో తరగతిలో వరసగా బల్లల మధ్య నడుస్తూ హోంవర్కు పుస్తకాల కోసం చాచినట్టే.

"ఏదమ్మా," అన్నారు నెమ్మదిగా. "ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

చిట్టి చెయ్యి, చిట్టిని అడగకుండానే, పుస్తకంతో సహా పైకి లేచింది.